మూడు బకెట్ల నీళ్లు... నలభై కుండీలు

రోహిణి కార్తె ఇంకా గడప తొక్కలేదు. అప్పుడే మా అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద ఓ కాగితం వెలిసింది. బోరు అడుగంటింది, ట్యాంకర్లతో నెట్టుకొస్తున్నాం, వానలు పడేదాకా మేడ మీది మొక్కలకు పైపు పెట్టకూడదు... అదీ సారాంశం. మేడ మీద మొక్కలున్నది మాకొక్కరికే కాబట్టి ఆ కాగితం ఎవరికోసమో విడిగా చెప్పక్కర్లేదు. ముందు కోపమే వచ్చింది. మర్నాడు లిఫ్టు దగ్గర కింది అంతస్తు పిన్నిగారు కనిపించి, 'రెండ్రోజులుగా మా కుళాయిలో దారంలా వస్తోందమ్మా, పసిపిల్ల స్నానానికి కూడా లెక్క చూసుకోవాల్సి వస్తోంది' అన్నారు. కోపం కాస్తా సిగ్గయింది.

ఆ సాయంత్రమే పైపు కింద బకెట్టు పెట్టి, అది నిండటానికి ఎంతసేపు పడుతుందో చూశాను. నేను రోజూ పైపు పట్టుకుని తిరిగే సమయంతో లెక్కగడితే పది, పన్నెండు బకెట్లు తేలింది. అందులో సగం కుండీ అడుగు కన్నంలోంచి బయటికొచ్చి స్లాబు మీద పారి, గొట్టంలోంచి వీధి కాలవలోకి పోతున్నవే. ఇన్నేళ్లుగా ఈ శీర్షికలో నీళ్ల పొదుపు గురించి మీకు చెబుతూ నేను చేస్తున్న నిర్వాకం ఇది!

మా ఇంటి వాడకంలోంచి మొక్కలకు ఇవ్వగలిగింది మూడు బకెట్లని ఇంట్లో అందరం కూర్చుని తేల్చాం. బకెట్టుకు 15 లీటర్ల చొప్పున 45 లీటర్లు. కుండీలు నలభై. నడివేసవిలో పన్నెండు అంగుళాల కుండీకి రోజుకు లీటరున్నర నీళ్లు కావాలి. అన్నిటికీ పోయాలంటే చాలవు. అందరికీ తలా గుక్కెడు పోస్తే ఏదీ బతకదు. కాబట్టి ఈ వారం తోట పనుల్లో మొట్టమొదటిది చేతికి మట్టి అంటని పని. కాగితం, పెన్ను తీసుకుని మేడెక్కండి. ఏది బతకాలో, ఏది పోయినా పర్లేదో రాసుకోండి.

వినడానికి కఠినంగా ఉంటుంది. చేయడం ఇంకా కష్టం. నాకు గంటన్నర పట్టింది.

ముందుగా, పోతే మళ్లీ సంపాదించడానికి ఏళ్లు పట్టేవి. కరివేపాకు, నిమ్మ, మల్లె, విరజాజి, మందారం, జామ, దానిమ్మ, గులాబీలు. మా మేడ మీద ఇలాంటివి పన్నెండున్నాయి. మొదటి నీళ్లు వీటికే. రోజుకు 18 లీటర్లు.

తర్వాత, ఇప్పుడు కూడా కూర ఇస్తున్నవి. బచ్చలి, గోంగూర, తోటకూర, వంగ, బెండ, మిర్చి, గోరుచిక్కుడు. ఇవి ఎండకు పుట్టిన బిడ్డలు. పది కుండీలకు 15 లీటర్లు. ఇక్కడ టొమాటో పేరు లేదేమిటని అడుగుతారేమో. పగటి ఎండ 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టొమాటో పూతలో పుప్పొడి పనిచేయదు. పూసిన పూలు పూసినట్టే రాలిపోతాయి. చాలామంది 'టొమాటో పూత రాలిపోతోంది, ఏ మందు కొట్టాలి' అని రాస్తుంటారు. ఏ మందూ లేదు. నేను నాలుగు టొమాటో మొక్కలు పీకేశాను. వాటితో పాటు వాడిపోయిన బంతి, పూత అయిపోయిన పెటునియా, విత్తనానికి వచ్చిన పాలకూర. మొత్తం ఏడు కుండీలు ఖాళీ. మొక్కలన్నీ కత్తిరించి కంపోస్టు డబ్బాలో వేశాను. చేతులు రాలేదు కానీ, ఆ ఏడింటి నీళ్లు కరివేపాకును బతికిస్తున్నాయని సర్దిచెప్పుకున్నాను.

మూడో రకం మొండి ఘటాలు. కలబంద, ఎడారి గులాబీ, బ్రహ్మజెముడు, కాగితం పూల మొక్క, పాము పట్టా. వీటికి నాలుగైదు రోజులకోసారి చాలు. కాగితం పూల మొక్క అయితే కాస్త దాహంతో ఉంచితేనే విరగబూస్తుంది. రోజూ పోస్తే ఆకులు తప్ప పూలుండవు. కలబంద మాత్రం మరీ నిప్పుల ఎండలో ఎర్రగా, గోధుమరంగుకు తిరుగుతుంది. దాన్ని కాస్త నీడకు జరిపితే చాలు, నీళ్లు పెంచక్కర్లేదు.

ఇక మిగిలినవి రెండు. ఒకటి తులసి. దాని పద్దు నా చేతిలో లేదు. మా అత్తయ్యగారు స్నానం కాగానే చెంబుడు నీళ్లు పోస్తారు. 'అమ్మాయ్, నీ లెక్కలు నీ మొక్కలకి. తులసమ్మ నా మొక్క' అనేశారు. అయితే నా మాట విని వెన్నులు తుంచడానికి ఒప్పుకున్నారు. తులసి విత్తనం కట్టేసిందంటే తన పని అయిపోయిందనుకుంటుంది, ఎండిపోవడం మొదలుపెడుతుంది. వెన్నులు ఎప్పటికప్పుడు గిల్లేస్తుంటే కొత్త చిగురు వేస్తూ ఎక్కువ కాలం ఉంటుంది. రెండోది మే ఫ్లవర్. ఫుట్‌బాల్ లిల్లీ అని కూడా అంటారు. ఏడాదిలో చాలా నెలలు మట్టిలో గడ్డగా నిద్రపోయి, సరిగ్గా అన్నీ వాడిపోయే ఈ రోజుల్లో ఒకే కాడ మీద ఎర్రటి బంతిలా లేస్తుంది. ఆఫ్రికా నుంచి వచ్చిన మొక్క అయినా మన మే నెల దానికి బాగా కలిసొచ్చింది. మగ్గుడు నీళ్లతో సరిపెట్టుకుంటుంది. పూత అయ్యాక వచ్చే ఆకుల్ని కోసేయకండి. వచ్చే ఏడు పువ్వుకు కావాల్సిన తిండి గడ్డలో దాచేది ఆ ఆకులే.

పోయడంలోనే ఉంది

మూడు బకెట్లతో పది బకెట్ల పని జరగాలంటే పోసే తీరు మారాలి. తెల్లవారి అయిదున్నర, ఆరు గంటల మధ్య పోసినవి వేళ్లకు అందుతాయి. సాయంత్రం పోయాలంటే ఏడు దాటాలి. అయిదింటికి ఎండ తగ్గినట్టు మనకనిపిస్తుంది కానీ స్లాబు, కుండీ మట్టి అప్పటికీ కాగుతూనే ఉంటాయి.

మొక్క మధ్యాహ్నం వాలిపోయిందని కంగారు పడి వెంటనే నీళ్లు పోయకండి. బచ్చలి, సొర, దోస, వంగ లాంటి పెద్దాకు మొక్కలు ఎండ వేళ తలలు వేలాడేయడం మామూలే. ఆకుల్లోంచి పోయినంత వేగంగా వేళ్లు తోడలేవు. రాత్రికి తేరుకుంటాయి. మర్నాడు ఉదయం కూడా వాలిపోయే ఉంటే అప్పుడు దానికి నిజంగా దాహం వేసినట్టు. అనుమానముంటే చూపుడు వేలు రెండు కణుపుల లోతు మట్టిలోకి గుచ్చి చూడండి. తడి తగిలితే పోయక్కర్లేదు.

ఇంకో మోసం ఉంది. ఒక్కరోజు బాగా ఎండిన కుండీలో మట్టి ముద్దకట్టి కుండీ అంచు నుంచి విడిపోతుంది. మీరు పోసిన నీళ్లు ఆ సందులోంచి జర్రున జారి అడుగు కన్నంలోంచి వచ్చేస్తాయి. 'అబ్బ, బాగా తడిసింది' అనుకుంటాం. లోపల వేళ్లున్న చోట పొడి పొడిగానే ఉంటుంది. అలాంటప్పుడు పాత చెంచాతో పైమట్టి గుల్లచేసి, అంచు సందు పూడ్చి, ముందు ఒక మగ్గు పోయండి. పది నిమిషాలాగి ఇంకో మగ్గు. చిన్న కుండీలైతే టబ్బులో నీళ్లు పెట్టి కుండీనే అందులో కూర్చోబెట్టండి. బుడగలు రావడం ఆగిందంటే మట్టి తాగినట్టు. తీసేయండి, ఆ నీళ్లలోనే తర్వాతి కుండీ. ముఖ్యంగా నర్సరీల్లో గట్టి ఎర్రమట్టి ముద్దతో వచ్చే మొక్కలకు ఈ తంతు తప్పదు.

పోసిన నీరు ఆవిరైపోకుండా మట్టి మీద ఏదో ఒకటి కప్పాలి. దీన్నే మల్చింగ్ అంటారు. ఎండుటాకులు, కొబ్బరి పీచు, వరిగడ్డి, చెరకు పిప్పి, వేరుశనగ పొట్టు... ఏది దొరికితే అది రెండంగుళాల మందాన పరవండి. కాండానికి మాత్రం ఆనించొద్దు, కుళ్లుతుంది. మా వీధిలో ఊడ్చి కుప్పపోసి తగలబెట్టబోయే ఆకుల్ని నేను రెండు గోనెసంచుల్లో ఎత్తుకొచ్చాను. ఆకులు ఊడ్చే అమ్మాయి నన్ను వింతగా చూసింది. కప్పిన మూడో రోజుకే తేడా తెలిసింది. రోజూ పోయాల్సిన కుండీలు కొన్ని రోజు విడిచి రోజుకు వచ్చాయి.

వంటింటి నీళ్లు కూడా పద్దులో చేర్చండి. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగినవి మా ఇంట్లో రోజుకు అర బకెట్టు వస్తున్నాయి. ఏసీ నీళ్లు మొక్కలకు మంచివే, వాటిలో లవణాలుండవు. కానీ మా హైదరాబాదు పొడి ఎండలో రాత్రంతా నడిచినా పెద్దగా రావు. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లవారే ఈ విషయంలో అదృష్టవంతులు, గాల్లో తేమ ఎక్కువ కాబట్టి బకెట్టు తొందరగా నిండుతుంది. ఎయిర్ కూలర్ అడుగున మిగిలిన నీళ్లు మాత్రం పోయకండి. నీరు ఆవిరై ఉప్పంతా అందులోనే పేరుకుని ఉంటుంది. ఆర్వో ఫిల్టరు వదిలేసే నీళ్లదీ అదే తంటా. ఎప్పుడో ఒకసారి మామూలు నీళ్లలో సగానికి సగం కలిపి పోయొచ్చు. రోజూ అవే పోస్తే కుండీ అంచున తెల్లగా ఉప్పు పొర కడుతుంది, ఆకుల కొసలు మాడతాయి. వాటితో ఇల్లు తుడుచుకోండి. సబ్బు నీళ్లు ఆకుకూరలకు వద్దే వద్దు.

నీడ ఎటు పడుతుందో చూశారా?

చలికాలమంతా మా ఉత్తరం వైపు నీడ చల్లగా ఉండేది. ఎండలు ముదరగానే లేత మొక్కల్ని అక్కడికి చేర్చి, ఇక ఫర్వాలేదనుకున్నాను. వారానికే ఆకులు మాడాయి. కారణం ఆకాశంలో ఉంది. హైదరాబాదులో మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువుగా నిలబెట్టిన కర్రకు నీడే పడదు. అప్పట్నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు కాస్త ఉత్తరం వైపే ఉంటాడు. కాబట్టి ఉత్తరపు నీడను నమ్ముకుంటే లాభం లేదు. నీళ్ల ట్యాంకుకో, మెట్ల గదికో తూర్పు పక్కన కుండీలు చేర్చండి. పొద్దుటి లేత ఎండ తగులుతుంది, పన్నెండు దాటాక నీడ వస్తుంది. మొక్కకు కావాల్సిందీ అదే.

కుండీలన్నీ ఒకదాన్నొకటి ఆనుకునేలా గుంపుగా పెట్టండి. పెద్దవి బయట, చిన్నవి లోపల. ఒకదాని నీడ ఇంకోదాని కుండీ మీద పడుతుంది, మధ్యలో తేమ నిలుస్తుంది. స్లాబు మీద నేరుగా కాకుండా రెండేసి ఇటుకల మీదో, పాత చెక్క మీదో ఉంచండి. నల్ల ప్లాస్టిక్ కుండీలు, గ్రో బ్యాగులు ఎండకు పెనంలా కాలతాయి. వాటికి తడి గోనెపట్టా చుట్టండి. యాభై శాతం నీడనిచ్చే ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టుకోగలిగితే మంచిదే. లేకపోతే పాత నూలుచీర రెండు పొరలుగా కట్టండి. మా మేడ మీద ఇప్పుడు మా అత్తయ్యగారి వెంకటగిరి చీర ఒకటి గోంగూరకు గొడుగు పడుతోంది. ఆవిడకింకా తెలీదు.

వద్దన్న పనులు కూడా కొన్ని చెప్పాలి. ఇప్పుడు ఎరువులు వేయొద్దు. ఎండకు అల్లాడే మొక్కకు యూరియానో, డీఏపీనో వేస్తే వేళ్లు మాడిపోతాయి. మరీ వేయాలనిపిస్తే గుప్పెడు వర్మీకంపోస్టు. కుండీలు మార్చొద్దు. గులాబీని, మల్లెను గట్టిగా కత్తిరించొద్దు, వాటి కత్తిరింపుల కాలం వేరే ఉంది. వాడిన పూలు, ఎండు పుల్లలు తీస్తే చాలు. కొత్త మొక్కలు కొనొద్దు. కడియం నుంచి లారీలో వచ్చి, నర్సరీ నీడలో కళకళలాడే మొక్క మీ మేడ ఎండలో రెండు రోజులుండదు. ఇంకో నెల ఓపిక పడితే అదే మొక్క మీ ఇంట్లో కాలు నిలదొక్కుకుంటుంది.

పురుగుల సంగతి. మందారం కొమ్మలకు తెల్లటి దూదిలా పిండినల్లి పట్టే కాలమిది. చీమలు బారులు తీరి ఎక్కుతున్నాయంటే అది వచ్చినట్టే. తక్కువగా ఉంటే సబ్బు నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచేయండి. ఎక్కువైతే ఆ కొమ్మ కత్తిరించి, కవర్లో కట్టి పారేయండి. వంగ, గులాబీ ఆకుల అడుగున సన్నటి బూజు, పైన తెల్లటి చుక్కలు కనిపిస్తే ఎర్రనల్లి. దానికి పొడి గాలంటే పండగ. ఆకుల అడుగున నీళ్లు చిలకరిస్తుంటే తగ్గుతుంది. రెండింటికీ లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల ద్రవ సబ్బు కలిపి వారానికోసారి చల్లొచ్చు. పొద్దు వాలాకే చల్లాలి. ఎండలో నూనె చల్లితే పురుగు కంటే ముందు ఆకు చస్తుంది.

ఊరెళ్తున్నారా?

ఈ నెలలో నన్ను అందరూ అడిగే ప్రశ్న ఇదే. పిల్లలకు సెలవులు, పెళ్లిళ్లు, అమ్మమ్మగారి ఊళ్లు. మొక్కల సంగతేమిటి? దీనికి జవాబు చెప్పే ముందు నా కథ ఒకటి చెప్పాలి.

ఎనిమిదేళ్ల కిందట మా చిన్నాన్నగారి అమ్మాయి పెళ్లికి తొమ్మిది రోజులు ఊరెళ్లాం. సరిగ్గా రోహిణి కార్తె. అప్పట్లో మా మేడ మీద గుండుమల్లె ఒకటుండేది. తెనాలి దగ్గర మా పుట్టింట్లో బావి గట్టున ఉండే పొద నుంచి మా అమ్మ అంటు తొక్కి, తడిగుడ్డ చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చి ఇచ్చింది. ఆ తర్వాత రెండేళ్లకే అమ్మ పోయింది. బావి పూడ్చి, ఆ ఇల్లు కూడా అమ్మేశారు. కాబట్టి ఆ మల్లె ఏమిటో వేరే చెప్పను.

వెళ్లేటప్పుడు పక్కింటి అబ్బాయికి తాళం చెవి ఇచ్చి, రోజూ నీళ్లు పోయమన్నాను. బుద్ధిమంతుడు. ఒక్కరోజు కూడా మానలేదు. తిరిగొచ్చి చూస్తే మల్లె పొద ఎండు చీపురులా ఉంది. మట్టి మాత్రం తడిగానే ఉంది! 'రోజూ పోశాను ఆంటీ, ప్రామిస్' అన్నాడు వాడు ఏడుపు మొహంతో. ఎప్పుడు పోశావురా అంటే, 'భోజనం చేశాక, రెండింటికి' అన్నాడు. మధ్యాహ్నం రెండింటికి, స్లాబు మీద ఎండలో పడున్న నల్ల పైపుతో! ఆ పైపులో నిలిచి ఉన్న నీళ్లతో టీ కాచుకోవచ్చు. తొమ్మిది రోజులు ఆ వేడినీళ్లు వేళ్లకు పడ్డాయి. పిల్లాడి తప్పేం లేదు. ఏ వేళ పోయాలో, పైపులో మొదటి నీళ్లు బకెట్టులోకి వదిలేయాలని నేను చెప్పలేదు.

గోటితో బెరడు గీరి చూస్తూ ఉండేదాన్ని. కింద పచ్చగా ఉంటే ప్రాణమున్నట్టు. పైకొమ్మలన్నీ గోధుమరంగు. మొదట్లో ఒకచోట మాత్రం పచ్చదనం కనిపించింది. జూన్ ఆఖరిదాకా నీళ్లు పోశాను. రాలేదు.

అందుకే ఇప్పుడు ఊరెళ్లేటప్పుడు కాగితం మీద రాసి మేడ తలుపుకు అంటిస్తాను. 'పొద్దున ఏడు లోపు. పైపు వద్దు, మగ్గుతో. పెద్ద కుండీకి మూడు మగ్గులు, చిన్నదానికి ఒకటి. ఎర్ర రిబ్బను కట్టినవాటికి పోయొద్దు.' నోటితో చెప్పింది మర్చిపోతారు. రాసిపెట్టింది మర్చిపోరు.

నీళ్లు పోసేవారు దొరకకపోతే మూడు నాలుగు రోజులకు వత్తి పద్ధతి బాగుంటుంది. బకెట్టు కాస్త ఎత్తులో పెట్టి, పాత నూలు గుడ్డ పేలికలు ఒక కొస నీళ్లలో అడుగు దాకా, ఇంకో కొస కుండీ మట్టిలో నాలుగంగుళాల లోతున ఉంచండి. నీరు మెల్లగా పాకి వస్తుంది. వెళ్లే ముందు రెండు రోజులు కట్టి చూసుకోండి, ఎంత గుడ్డకు ఎంత నీరు దిగుతుందో తెలుస్తుంది. పెద్ద కుండీలకూ, నేల మీది మొక్కలకూ మట్టి ముంతను మించింది లేదు. కాల్చిన మామూలు మట్టి ముంత, పైన రంగు వేయనిది, మూతి దాకా మొక్క పక్కన పాతిపెట్టి నీళ్లు నింపి మూత పెట్టండి. గోడల్లోంచి ఊరుతూ వేళ్ల దగ్గరే తడి చేస్తుంది. ముంత పెద్దదైన కొద్దీ ఎక్కువ రోజులు వస్తుంది. వారం పైబడితే మాత్రం వీటిని నమ్ముకుని వెళ్లకండి, మనిషి కావాల్సిందే.

బయల్దేరే ముందు రోజు ఉన్న పూలు, మొగ్గలు, కాయలు కోసేయండి. లేత కొసలు తుంచండి. ఆకు తగ్గితే దాహం తగ్గుతుంది. కుండీలన్నీ నీడకు చేర్చి, నిండుగా తడిపి, పైన ఆకులు కప్పి వెళ్లండి. కుండీల కింద పళ్లేల్లో నీళ్లు నిలబెట్టి మాత్రం వెళ్లొద్దు. మీరు తిరిగొచ్చేసరికి మొక్కలుంటాయో లేదో కానీ దోమలు తప్పకుండా ఉంటాయి. పిట్టలకు పెట్టే నీళ్ల మూకుడు సంగతీ అంతే, రోజూ కడిగి మార్చాలి.

వానకు ముందు

ఎండ వల్ల మనకు ఉపయోగం లేకపోలేదు. ఖాళీ అయిన ఏడు కుండీల మట్టిని నేను పారబోయలేదు. వేళ్లు ఏరేసి, కాస్త తడిపి, స్లాబు మీద అరడుగు మందాన పరిచి, పైన పారదర్శకమైన పాలిథిన్ షీటు కప్పి అంచులకు ఇటుకలు పెట్టాను. నల్ల షీటు కంటే ఇదే మేలు, ఎండ లోపలికి దిగుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు అలా ఉంచితే మట్టిలోని నులిపురుగులు, తెగుళ్ల శిలీంద్రాలు, కలుపు గింజలు చాలావరకు చస్తాయి. తర్వాత కంపోస్టు కలిపి వాడుకోవచ్చు.

పెరడున్నవారు మామిడి, సపోటా, జామ పెట్టాలనుకుంటే గోతులు ఇప్పుడే తవ్వించండి. మామిడికైతే మీటరు పొడవు, వెడల్పు, లోతు. పైన సగం మట్టి ఒక పక్క, అడుగు మట్టి ఇంకో పక్క పోయించి, గొయ్యిని రెండు మూడు వారాలు ఎండనివ్వండి. పూడ్చేటప్పుడు సారమున్న పైమట్టిలో పశువుల ఎరువు కలిపి ముందు వేయాలి. మొక్క మాత్రం రెండు మంచి వానలు పడి నేల చల్లబడ్డాకే. ఆ కూలీలతోనే ఒక ఇంకుడు గుంత కూడా తవ్వించుకోండి. ఉమ్మడి రాష్ట్రంలో 2000లో 'నీరు-మీరు' అంటూ ఊరూరా గుంతలు తవ్వారు. 2002లో వాల్టా చట్టం కూడా వచ్చింది. మా వీధిలో అప్పటి గుంతలు కొన్ని ఇంకా ఉన్నాయి, పైన కార్లు నిలబడి ఉన్నాయి. మా అపార్ట్‌మెంట్ గుంత మూత తీయించి చూస్తే పూడిక అంచు దాకా ఉంది. బోరు ఎందుకు అడుగంటిందని ఇక వేరే అడగాలా? ఈ ఆదివారం దాని పూడిక తీయిద్దామని మీటింగులో చెప్పాను. మొక్కల వాళ్లు చెప్పారని కాకుండా నీళ్ల కోసమని ఒప్పుకున్నారు.

వంగ, మిర్చి, టొమాటో నారు నెలాఖరుకు నీడపట్టున ట్రేల్లో పోసుకుంటే వంగ, టొమాటో 25-30 రోజులకు నాటడానికి వస్తాయి. మిర్చికి ఇంకో పది రోజులు ఎక్కువ. బీర, కాకర, సొర, పొట్ల గింజలు తెచ్చి ఉంచుకోండి కానీ మృగశిర కార్తె దాకా ఆగండి. కాగే మట్టిలో పెట్టిన గింజ ఉడుకుతుంది తప్ప మొలవదు. పిల్లలు తిని పారేసే మామిడి టెంకలు మొలిపించాలని సరదా ఉంటే ఆలస్యం చేయకండి. రెండు మూడు వారాలు ఎండిందంటే లోపలి జీడి చచ్చిపోతుంది. గట్టి పెంకు జాగ్రత్తగా విప్పి లోపలి గింజ నాటండి. బంగినపల్లి టెంక పెడితే బంగినపల్లే కాస్తుందని మాత్రం పిల్లలకు మాటివ్వకండి. అది కావాలంటే అంటు మొక్కే కొనాలి.

మొదటి వాన పడగానే నీడలో ఉన్న కుండీలన్నీ ఒక్కసారిగా బయటికి లాగొద్దు. జల్లు పడిన మర్నాడే మళ్లీ నలభై డిగ్రీలు కాస్తుంది. వారం రోజుల మీద కొంచెం కొంచెంగా జరపండి.

మల్లె సంగతి మధ్యలో వదిలేశాను. మొక్క పోయిన ఏడాది వినాయక చవితికి బాపట్లలో ఉన్న మా వదిన ఇంటికెళ్లాను. పెరట్లో గుండుమల్లె పొద. 'ఇదెక్కడిది వదినా' అన్నాను. 'అదేమిటి, మీ అమ్మగారు మీకొకటి, నాకొకటి తొక్కారు కదా' అంది. నాకసలు గుర్తే లేదు. అప్పటికప్పుడు ఇద్దరం కూర్చుని ఒక పక్క కొమ్మను నేలకు వంచి, కణుపు కింద చిన్న గాటు పెట్టి, మట్టి కప్పి, కదలకుండా ఇటుకరాయి పెట్టాం. సంక్రాంతికి వెళ్లేసరికి వేళ్లు పట్టాయి. తల్లి కొమ్మ నుంచి కోసి తెచ్చుకున్నాను. ఇప్పుడు మేడ మీద ట్యాంకుకు తూర్పు పక్కన ఉన్నది అదే. మూడు బకెట్లలో మొదటి మగ్గు దానిదే. నిన్న సాయంత్రం పదిహేడు మొగ్గలు.

నేలంట్లకు జూన్, జూలై నెలలు బాగుంటాయి. ఈసారి రెండు తొక్కాలి. ఒకటి కింది అంతస్తు పిన్నిగారికి ఇస్తానని చెప్పాను. 'నీళ్లో?' అన్నారావిడ. రోజుకు మూడు మగ్గులని చెప్పాను.